క్యాప్ సరిగ్గా కూర్చోవాలంటే ఏ మెటల్, ఏ పోత?

హన్మకొండలోని మా డెంటల్ ల్యాబ్‌కు పేషెంట్లు నేరుగా రావాల్సిన పని లేదు. డాక్టర్ల దగ్గర నుంచి పళ్ల కొలతలు వస్తాయి, మా దగ్గర నుంచి పంటి మీద తొడిగే క్యాపులు పోతాయి, అంతే. అయినా ఏడాదికి ఒకరిద్దరు అడ్రస్ కనుక్కుని మెట్లెక్కి వస్తారు. మొన్న ఎండాకాలంలో పరకాల నుంచి ఒక పెద్దమ్మ అలాగే వచ్చింది. కొంగుముడి విప్పి, కాగితంలో చుట్టిన క్యాప్ తీసి టేబుల్ మీద పెట్టింది.

"బిడ్డా, మూడు నెలల్ల రెండుసార్లు ఊడింది. మెటల్ మంచిది కాదా, పోసుడు మంచిగ లేదా? ఏదో ఒకటి చెప్పు" అంది.

క్యాప్ మాదే. భూతద్దం కింద పెట్టి లోపలి వైపు చూశాను. ఒక గోడంతా బర్‌తో, అంటే చిన్న డ్రిల్ మొనతో, గీకిన గుర్తులు. అంటే పోత పోశాక బిగుతుగా వచ్చింది, మా వాళ్లెవరో లోపల గీకి, గీకి డై మీదకు, అంటే ఆ పన్ను నమూనా మీదకు, దించారు. గీకిన చోట వదులైంది. వదులైంది కాబట్టి ఊడింది. మెటల్‌ది ఏ తప్పూ లేదు. అసలు అది బిగుతుగా ఎందుకు వచ్చిందనేదే ప్రశ్న. క్యాప్ వేయించుకునేవాళ్లకూ, కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన డాక్టర్లకూ ఏ మెటల్, ఏ పద్ధతి ఎంచుకోవాలో చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

క్యాప్ కూర్చోవడం అంటే ఏమిటో ముందు చూద్దాం. పన్నును అరగదీసేటప్పుడు క్యాప్ అంచు ఎక్కడ ఆగాలో డాక్టర్ ఒక గీతలా తీర్చుతారు. దాన్ని మార్జిన్ అంటాం. క్యాప్ అంచుకూ ఆ గీతకూ మధ్య మిగిలే సందును సిమెంట్ నింపుతుంది. సందు పెద్దదైతే ఉమ్మికి సిమెంట్ మెల్లగా కరిగిపోతుంది, అక్కడ తిండి చేరుతుంది, లోపల పన్ను పుచ్చుతుంది. మెక్‌లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ అనే ఇద్దరు వెయ్యికి పైగా క్యాపులను ఐదేళ్లపాటు గమనించి, 120 మైక్రాన్ల దాకా సందు ఉన్నా పర్వాలేదని 1971లో రాశారు. మన తల వెంట్రుక మందం మనిషిని బట్టి 50 నుంచి 100 మైక్రాన్లు. అంటే మాకున్న వెసులుబాటు ఒకటి రెండు వెంట్రుకలంత.

ఇప్పుడు మెటల్ సంగతి. కరిగించిన ఏ లోహమైనా గడ్డకట్టి చల్లారేసరికి కుంచించుకుపోతుంది. క్యాపులకు వాడే బంగారు మిశ్రమం దాదాపు 1.4 శాతం కుంచించుకుంటే, నికెల్‌క్రోమ్, కోబాల్ట్‌క్రోమ్ 2.3 శాతం దాకా పోతాయి. దవడ పన్ను వెడల్పు 10 మిల్లీమీటర్లనుకోండి. బంగారమైతే 140 మైక్రాన్లు, నికెల్‌క్రోమ్ అయితే 230 మైక్రాన్లు చిన్నదవుతుంది. పన్ను గోడలు కాస్త ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఈ తేడా అంతటితో ఆగదు. స్టీలు గ్లాసు మీద దానికంటే కొంచెం ఇరుకైన గ్లాసు బోర్లించి చూడండి, అడుగుదాకా దిగదు, పైనే బిగుసుకుంటుంది. ఒక్కో గోడ వాలు 6 డిగ్రీలనుకుంటే, క్యాప్ లోపల ఒక్కో వైపు 10 మైక్రాన్లు బిగుతైతే చాలు, అది దాదాపు 95 మైక్రాన్ల ఎత్తులోనే ఆగిపోతుంది. వెడల్పులో చిన్న పొరపాటు ఎత్తులో తొమ్మిది పది రెట్లవుతుంది. డై మీద మార్జిన్ దగ్గర ఒక మిల్లీమీటరు వదిలేసి, మిగతా చోట్ల స్పేసర్ అనే పలుచటి పూత పూసేది అందుకే. అయినా ఆ పూత 25 నుంచి 40 మైక్రాన్లే. కుంచించుకున్నదంతా అది మోయలేదు.

మరి ఎవరు మోయాలి? క్యాప్ ఆకారంలో చేసిన మైనం చుట్టూ పోసే పిండి. దాన్ని మేం ఇన్వెస్ట్‌మెంట్ అంటాం.

ఈ పద్ధతి మన దగ్గర కొత్తదేమీ కాదు. ఆదిలాబాద్ వైపు ఓజ కళాకారులు చేసే డోక్రా బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్లు చేసేదీ మైనపు పోతే. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం పోయిన ఖాళీలో లోహం పోస్తారు. టాగర్ట్ అనే అమెరికా డెంటిస్ట్ 1907లో పళ్లకు తెచ్చినదీ ఇదే సూత్రం. ఒకటే తేడా, డోక్రా ఏనుగు అర మిల్లీమీటరు చిన్నదైనా ఏనుగే. మాకు అర మిల్లీమీటరంటే ఆ క్యాప్ చెత్తబుట్టలోకే.

పిండి రెండు రకాలు. జిప్సం పిండి బంగారానికి పనికొస్తుంది, కానీ 700 డిగ్రీలు దాటించి కాలిస్తే చెడిపోతుంది. నికెల్‌క్రోమ్ కరగడానికే 1,200 డిగ్రీలు దాటాలి. అందుకే దానికి ఫాస్ఫేట్ పిండి. దీన్ని ఉత్త నీళ్లతో కాకుండా సిలికా ఉన్న స్పెషల్ లిక్విడ్‌తో కలుపుతాం. లిక్విడ్ చిక్కగా ఉంటే పిండి ఎక్కువ వ్యాకోచిస్తుంది, నీళ్లు కలిపితే తగ్గుతుంది. మెటల్ ఎంత కుంచించుకుంటుందో అచ్చు అంత పెద్దదవ్వాలి, ఆ లెక్క కుదిర్చే పిడి ఈ లిక్విడ్‌లోనే ఉంది. పెద్దమ్మ క్యాప్ కథ ఇక్కడే తెగింది. ఆ రోజు లిక్విడ్ సీసా అడుగంటింది. కొత్తది వచ్చేదాకా ఆగకుండా మా కుర్రాడు మిగిలినదాంట్లో నీళ్లు పోసి సరిపెట్టాడు. రింగు, అంటే పిండి పోసిన అచ్చు, బాగానే గట్టిపడింది, పోత బాగానే నిండింది, చూడ్డానికి క్యాప్ నున్నగా వచ్చింది. కాకపోతే ఇరుకుగా వచ్చింది.

మా ఊరి ఎండ మరో తలనొప్పి. మే నెలలో బయట 44, 45 డిగ్రీలుంటే లోపల వ్యాక్స్ మెత్తబడుతుంది. డై మీద నుంచి తీసిన వ్యాక్స్ ప్యాటర్న్‌ను టీ తాగొచ్చి ఇన్వెస్ట్ చేద్దామని పక్కన పెడితే, దానిలోని బిగువు సడలి అంచు కాస్త విచ్చుకుంటుంది. అరగంటలోపు పిండి పోసెయ్యాలి. ఫాస్ఫేట్ పిండి కూడా వేడికి తొందరగా గట్టిపడుతుంది, అందుకే లిక్విడ్‌ను ఫ్రిజ్‌లో పెడతాం, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం కాదు, గడ్డకడితే పాడైపోతుంది. మధ్యలో కరెంటు పోయి రింగు చల్లారిపోతే దాన్ని మళ్లీ కాల్చి వాడకూడదు, పారెయ్యాల్సిందే. బాధేస్తుంది, కానీ ఆ రింగులో పోసిన క్యాప్‌ను తర్వాత బర్‌తో గీకాల్సి రావడం ఇంకా బాధ.

ఇక మెటళ్లలో దేన్ని ఎంచుకోవాలి?

కూర్చోవడం ఒక్కటే కొలబద్ద అయితే బంగారాన్ని మించింది లేదు. తక్కువ కుంచించుకుంటుంది, బరువైనది కాబట్టి సన్నటి అంచుల్లోకి తనే దూసుకుపోతుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి అంచును పన్నుకు ఒత్తి నునుపు చేయొచ్చు. అయితే 2025లో తులం లక్ష దాటింది. దవడ పన్నుకు రెండు మూడు గ్రాములు పడుతుంది, పోతలో మిగిలే మెటల్ ముద్ద, దాన్ని బటన్ అంటాం, అదనం. నేను బంగారు క్యాప్ పోసి చాలా ఏళ్లయింది. కొందరు పాత ఉంగరం తెచ్చి దీంతో పోయండి అంటారు. వద్దు. నగల బంగారం మెత్తన, నమిలితే అరిగిపోతుంది. పాత నగల అతుకుల్లో కేడీఎం, అంటే కాడ్మియం, ఉండొచ్చు, కరిగిస్తే వచ్చే పొగ విషం.

నికెల్‌క్రోమ్ మన ప్రాంతంలో రోజువారీ మెటల్. చవక. బంగారం కంటే రెట్టింపు బిగువైనది, అందుకే 0.3 మిల్లీమీటర్ల మందంతో కోపింగ్, అంటే సిరామిక్ కింద ఉండే మెటల్ తొడుగు, తీసినా వంగదు, ఆ మేరకు పన్ను తక్కువ అరగదీస్తే చాలు. తేలిక కావడం దీని లోపం. బంగారం సాంద్రతలో సగమే ఉంటుంది కాబట్టి గట్టిగా తోస్తే తప్ప అంచులదాకా పోదు. అచ్చును గిర్రున తిప్పి మెటల్‌ను లోపలికి తోసే స్ప్రింగు మెషీన్‌కు బంగారం కంటే ఒకటి రెండు చుట్లు ఎక్కువ తిప్పేది అందుకే. గట్టిది కావడం వల్ల ఫినిషింగ్‌కు టైమ్ పడుతుంది, అంచు కాస్త తేడా వస్తే బంగారంలా ఒత్తి సర్దలేం. రెండు జాగ్రత్తలు చెప్తాను. ఒకటి, గిల్టు నగలు పెట్టుకుంటే చెవుల దగ్గర, గడియారం కింద చర్మం దురదపెట్టి రసి కారేవాళ్లకు నికెల్ పడకపోవచ్చు, ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. రెండోది, కొన్ని నికెల్‌క్రోమ్ మిశ్రమాల్లో బెరీలియం ఉంటుంది. దానివల్ల పోత సులువుగా, అంచు పదునుగా వస్తుందన్న మాట నిజమే. కానీ గ్రైండింగ్ దుమ్ము మా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది క్యాన్సర్ తెచ్చే లోహం. అంచు ఎంత పదునుగా వచ్చినా నేను ఆ ప్యాకెట్ కొనను. డాక్టర్లు ఆర్డర్ ఫారంలో 'బెరీలియం లేనిది' అని ఒక్క ముక్క రాస్తే ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు మేలు చేసినవాళ్లవుతారు.

కోబాల్ట్‌క్రోమ్‌లో నికెల్ బెడద లేదు. కుంచించుకోవడం నికెల్‌క్రోమ్ అంతే, గట్టిదనం ఇంకా ఎక్కువ, కరగడానికి వేడీ ఇంకా కావాలి. టార్చితో దీన్ని పోయడం నాకైతే ఇష్టం ఉండదు. దీని అసలు గొప్పతనం లేజర్ పద్ధతిలో కనిపిస్తుంది, ఆ ముచ్చట ముందుంది. టైటానియం కరిగేది 1,668 డిగ్రీల దగ్గర, గాలి తగిలితే పాడవుతుంది, ఆర్గాన్ గ్యాస్‌లో పోయాలి. క్యాప్ పోతకు దాన్ని మర్చిపోండి.

పోసే పద్ధతుల్లో పాతది టార్చి. ఎర్రగా కాలిన రింగును పటకారుతో తీసి మెషీన్ చేతిలో పెడతాం. మూసలో మెటల్ దిమ్మెల మీద ఆక్సిజన్ మంట ఆడిస్తుంటే ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత కంటికి గుచ్చుకునే తెలుపు. దిమ్మెల అంచులు గుండ్రబడతాయి, ఒకదాని మీదకొకటి వాలతాయి, పైన మాత్రం సన్నటి పొర బిగిసి ఉంటుంది. నికెల్‌క్రోమ్‌ను వదలాల్సిన క్షణం అదే. బంగారం చేసి వచ్చినవాళ్లు పొరబడేదీ ఇక్కడే. బంగారమైతే అద్దంలా మెరుస్తూ తిరిగేదాకా ఆగుతాం, అలవాటు కొద్దీ నికెల్‌క్రోమ్‌కూ ఆగితే మెటల్ మాడిపోతుంది. మాడిన మెటల్ అచ్చు గోడను తింటుంది, క్యాప్ లోపల గరుకుగా, చిన్న చిన్న పూసలతో వస్తుంది. ఒక్క పూస చాలు క్యాప్‌ను పైనే ఆపడానికి. మంటలో ఎసిటిలిన్ పాళ్లు ఎక్కువైతే మెటల్ బొగ్గును పీల్చుకుని పెళుసవుతుంది. అంటే టార్చి పోత మొత్తం పోసే మనిషి కంటి మీద ఆధారపడి ఉంటుంది. ఆ కన్ను ఉన్న మనిషి లీవులో ఉంటే క్యాపుల నాణ్యత కూడా లీవే.

ఇండక్షన్ మెషీన్‌లో మంట లేదు. రాగి చుట్ట మధ్యలో మెటల్ దానంతటదే వేడెక్కుతుంది, వేడి ఎంతో మెషీన్ చూస్తుంది. సోమవారం పోసిందీ శనివారం పోసిందీ ఒకేలా వస్తాయి. మెషీన్ ఖరీదైనది, చిన్న ల్యాబులకు భారమే. టార్చిలో చెయ్యి తిరిగిన మనిషి పోసిన క్యాప్ ఇండక్షన్ క్యాప్‌కు తీసిపోదు, ఇది నేను ఒట్టేసి చెప్తాను. కానీ మీ డాక్టర్ పంపే ల్యాబులో ఎవరు పోస్తున్నారో మీకు తెలియదు కదా. తెలియనప్పుడు ఇండక్షన్ వైపు మొగ్గడమే తెలివి.

ఏ మెషీనైనా ఒక ప్రశ్న మాత్రం అడిగి తీరాలి. పాత మెటల్ కలుపుతారా? ప్రతి పోతలో ఒక బటన్ మిగులుతుంది. దాన్ని తర్వాతి పోతలో వేస్తే మెటల్ మిగులుతుంది. సగానికి సగం కొత్తది ఉంటే చాలామంది ఒప్పుకుంటారు. ఐదారుసార్లు తిరిగిన బటన్లతోనే పోస్తే అందులోని తేలికగా ఆక్సైడయ్యే లోహాలు కాలిపోయి, మురికి పేరుకుని, అంచులు నిండవు, పైన సిరామిక్ కూడా సరిగా పట్టదు. ధర మరీ తక్కువగా ఉంటే నాకు ముందు వచ్చే అనుమానం ఇదే.

లేజర్ పద్ధతిలో పోతే లేదు. మోడల్‌ను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో క్యాప్ గీసి, ఫైలు పంపుతాం. అక్కడ కోబాల్ట్‌క్రోమ్ పొడిని లేజర్‌తో పొర మీద పొరగా కరిగించి కడతారు. వ్యాక్స్ లేదు, పిండి లేదు, మే నెల ఎండ లెక్క లేదు. మాలాంటి ల్యాబులు హైదరాబాద్ సెంటర్లకు ఫైలు పంపి, తయారైన కోపింగ్ తెప్పించుకుని సిరామిక్ వేస్తాయి. మూడు పళ్లకు మించిన బ్రిడ్జి, అంటే కలిపి చేసిన క్యాపుల వరుస, అయితే నేను కళ్లు మూసుకుని ఇదే చెప్తాను. లెక్క చూడండి, 40 మిల్లీమీటర్ల బ్రిడ్జిని పోత పోస్తే 2.3 శాతం అంటే దాదాపు ఒక మిల్లీమీటరు. పిండి దాన్ని సర్దినా అన్ని వైపులా ఒకేలా సర్దదు, ఒక చివర కూర్చుంటే రెండో చివర లేస్తుంది. అప్పుడు మధ్యలో కోసి అతికించాలి. లేజర్‌లో కూడా ప్లేటు మీద నుంచి కోసే ముందు ఫర్నేస్‌లో వేడి చేసి ఒత్తిడి తీసెయ్యాలి, అది ఎగ్గొట్టే సెంటర్ అయితే పొడవాటి బ్రిడ్జి వంకర తిరుగుతుంది.

జిర్కోనియా గురించి అందరూ అడుగుతారు. అది మెటల్ కాదు, పోత కాదు. మెత్తటి దిమ్మెను 20, 25 శాతం పెద్దదిగా చెక్కి, 1,500 డిగ్రీల దగ్గర కాలిస్తే అసలు సైజుకు వస్తుంది. ముందు పళ్లకు అందంగా ఉంటుంది, నికెల్ పడనివాళ్లకు బాగుంటుంది. కానీ దానికి మార్జిన్ దగ్గర మెట్టులా చోటు కావాలి, కత్తి అంచులా సన్నగా ముగిసే పన్ను మీద అది నిలవడం కష్టం. చెక్కే బర్ లావుకన్నా సన్నటి మూలలు పన్ను మీద ఉంటే లోపల ఎక్కువ చెక్కేస్తుంది, అక్కడ సిమెంట్ మడుగు కడుతుంది. పొట్టిగా అరిగిన దవడ పన్నుకు, సన్నటి అంచు మీద, నా ఓటు ఇప్పటికీ మెటల్‌కే.

ఇంకో మాట, కనిపించని చివరి దవడ పన్ను మీద సిరామిక్ అవసరమా అని ఒకసారి ఆలోచించండి. సిరామిక్ వేయాలంటే మెటల్‌ను 900 డిగ్రీలు దాటే ఫర్నేస్‌లో మూడు నాలుగుసార్లు పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ సన్నటి అంచు కదిలే అవకాశం ఉంది. ఉత్త మెటల్ క్యాప్‌కు ఆ అగ్నిపరీక్షలు లేవు, పోతలో ఎలా వచ్చిందో అలాగే కూర్చుంటుంది. నవ్వినప్పుడు కనిపిస్తుందేమోనన్న టెన్షన్ ఉన్నవాళ్లు అద్దం ముందు ఒకసారి నవ్వి చూసుకుంటే చాలు, చాలామందికి ఆ పన్ను కనిపించదు.

ఇదంతా కొలత సరిగ్గా ఉంటేనే. భూపాలపల్లి నుంచో మహబూబాబాద్ నుంచో ఆల్జినేట్ అనే, నీళ్లతో కలిపే పొడితో తీసిన కొలత ఆర్టీసీ పార్సిల్‌లో రెండు గంటలు ప్రయాణం చేసి వస్తే, అది ఎండి కుంచించుకుపోయి ఉంటుంది. ఆల్జినేట్ తీసిన పావుగంటలో మోడల్ పోసెయ్యాలి. ఆ కొలత మీద బంగారంతో పోసినా, లేజర్‌తో కట్టినా క్యాప్ ఆ మోడల్‌కు సరిపోతుంది, నోటికి సరిపోదు. దూరం పంపే కొలతకు సిలికాన్ పుట్టీ వాడతారా అని డాక్టర్‌ను అడగడం తప్పు కాదు.

సిమెంట్ పెట్టే ముందు ట్రయల్ చూపించమనండి. రెండు వైపులా వేలితో నొక్కితే క్యాప్ ఊగకూడదు. పక్క పన్నుకూ క్యాప్‌కూ మధ్య దారం కాస్త పట్టి, టక్కున దిగాలి. నీలం కాగితం కొరికినప్పుడు మచ్చ ఒక్కచోటే పడితే ఎత్తుగా ఉన్నట్టు. డాక్టర్ ప్రోబ్ అనే సన్న మొన పరికరం కొనను అంచు చుట్టూ తిప్పితే అది ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుంటే లోపల గీకి దించడం కంటే మళ్లీ చేయించమని వెనక్కి పంపడమే నయం. ల్యాబు వాణ్ని అయ్యుండీ ఈ మాట చెప్తున్నాను, వెనక్కి వచ్చిన క్యాప్ వల్ల నాకు ఒక రోజు నష్టం, రాని క్యాప్ వల్ల మీకు పన్ను నష్టం.

పెద్దమ్మను గిల్టు కమ్మల గురించి అడిగితే, పెట్టుకున్న రెండో రోజుకే చెవులు రసి కారతయని చెప్పింది. అందుకని కొత్త క్యాప్ లేజర్ కోబాల్ట్‌క్రోమ్‌లో, సిరామిక్ లేకుండా, మా ఖర్చుతోనే చేయించాం. లోపల బర్ పెట్టే పని లేకుండా దిగిందని డాక్టర్ ఫోన్ చేశారు. ఆమె వెళ్తూ వెళ్తూ మాత్రం టేబుల్ మీది పాత క్యాప్‌ను చేతిలోకి తీసుకుని, "గిది మంచిగనే మెరుస్తాంది కదా బిడ్డా, దీన్నే కరగబోసి ఇంకొకలకు వెయ్యరాదా?" అని అడిగింది.

"బంగారమైతే పోసేటోణ్ని పెద్దమ్మా" అన్నాను.